ట్యాంకు గోడ మీద ఇరవై గీతలు: గుంటూరులో ఒక మిద్దెతోట కేసు

ఫోన్ చేసింది ఆ ఇంటి కోడలు. "మేడమ్, మొక్కలన్నీ వడలిపోతున్నాయండీ. నీళ్ళు పోస్తూనే ఉన్నాం" అంది. జవాబు ఆ మాటలోనే ఉంది. నాకు రెండు వారాలకి గానీ వినపడలేదు.

మిద్దెతోటలు పెట్టించడం, ఉన్నవాటికి జబ్బు చేస్తే వెళ్ళి చూడడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మొదట తప్పు చెప్పింది నేనే. పైగా చివరికి మేం మార్చింది మొక్కల్ని కాదు, మనుషుల్ని అంతకన్నా కాదు. ఆ ఇంటివాళ్ళు రాసుకోమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇల్లు గుంటూరు విద్యానగర్‌లో, పైన డాబా. పెద్దాయనకి డెబ్బై దాటాయి, ప్రత్తిపాడు వైపు పొలం. ముప్ఫై ఏళ్ళు మిరప వేశారు. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు మిరపని ఊడ్చేసింది కదా, ఆ ఏడు ఆయన చేనూ పోయింది. మరుసటేడు పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. కొడుకు రోజూ విజయవాడ వెళ్ళొస్తాడు. కోడలిది ఊళ్ళోనే ఉద్యోగం. మనవరాలు నాలుగో తరగతి. పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కరు, కానీ డాబా మీద ఏ కుండీ ఎక్కడుందో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కుండీలు మొత్తం 38. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు ఎక్కువ. నీలం డ్రమ్ములు సగానికి కోసినవి ఆరు. టమాటా, మిరప, వంగ, ఒక నిమ్మ, ఒక గుండుమల్లె, కరివేపాకు. మట్టంతా పెద్దాయన పొలం నుంచి ట్రాక్టర్‌లో తెప్పించిన నల్లరేగడి. "బంగారం లాంటి మట్టమ్మా" అన్నారు. పొలంలో అయితే నిజంగానే బంగారం.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఆకులు పసుపు తిరిగి కిందికి వాలి ఉన్నాయి. పైమట్టి నెర్రెలిచ్చి ఉంది. వేలు పెడితే గోరు లోతు దాకా పొడి. బకెట్ల అంచున తెల్లటి ఉప్పు చార. నా దగ్గరున్న మీటరుతో చూస్తే బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 1,300 దాటింది, మున్సిపల్ కుళాయి నీళ్ళది 300 లోపే. సరే, దొరికింది అనుకున్నాను. బోరు నీళ్ళు మానేసి కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళు పొయ్యమన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మట్టి ఎండిపోతోంది, పొద్దునా సాయంత్రం రెండు పూటలా పొయ్యండి" అని కూడా చెప్పొచ్చాను.

పెద్దాయన మొహం వెలిగింది. నేనది నా వైద్యం మీద నమ్మకమనుకున్నాను.

ఫిబ్రవరి 16

టమాటాలు ఐదు చచ్చాయి. వంగ ఆకులు రాలుతున్నాయి. ఈసారి ఒక బకెట్‌ని అమాంతం తిరగేశాను. పైన రెండంగుళాలు పెంకులా ఎండి, దాని కింద జిగటగా నల్లటి ముద్ద. కుడితి తొట్టి కడగకుండా వారం వదిలేస్తే వచ్చే వాసన. వేళ్ళు గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొచ్చింది. అడుగు చిల్లుల్లో మట్టి బిరడా కొట్టినట్టు బిగుసుకుపోయింది.

మొక్క వడలడానికి నీళ్ళు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. నీళ్ళు నిలిస్తే వేళ్ళకి గాలాడదు, వేళ్ళు కుళ్ళిపోతాయి, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. పైకి రెండూ ఒకేలా కనపడతాయి. ఇది నాకు తెలియక కాదు. నెర్రెలు చూసి మోసపోయాను. నల్లరేగడిలో బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే పైన నెర్రె, కింద బురద. నెర్రెల్లోంచి పోసిన నీళ్ళు నేరుగా అడుక్కి జారిపోతాయి, పైమట్టి ఎప్పటికీ దాహంగానే కనిపిస్తుంది.

"మా చేలో ఇదే మట్టిలో నిలువెత్తు చెట్లు పెరిగినయ్. నువ్వెప్పుడన్నా మిరప చేను చూశావా అమ్మాయ్?" అన్నారు పెద్దాయన. కోపంగా కాదు. నిజంగానే అడిగారు.

చూశానన్నాను. దండెం మీద ఆరేసిన ఆయన పంచె చూపించాను. తడి పంచెలో పైభాగం ముందు ఆరుతుంది, కింది అంచు చిట్టచివర్న. నీళ్ళన్నీ కిందికి దిగి అంచు దగ్గర ఆగిపోతాయి. కుండీలోనూ అంతే. చిల్లు ఉన్నా సరే అడుగున కొంత మేర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మట్టి ఎంత మెత్తనిదైతే ఆ తడి పొర అంత మందం. పొలంలో మట్టి లోతు మీటర్లలో ఉంటుంది కాబట్టి ఆ అంచు వేళ్ళకి దూరంగా ఎక్కడో కింద ఉంటుంది. అడుగు ఎత్తు బకెట్‌లో మొక్క ఆ అంచు మీదే కూర్చుంటుంది.

ఆయన పంచె అంచు పట్టుకుని పిండారు. నాలుగు చుక్కలు రాలాయి. ఆ తర్వాత ఆయన నాతో మట్టి గురించి వాదించలేదు.

(అడుగున గులకరాళ్ళు వేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోదు. తడి పొర రాళ్ళ మీదికి జరుగుతుంది, వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళు వేసినంత మేర మట్టి తగ్గుతుంది, అంతే.)

మట్టి ఒక్కటే అయితే ఇంత వేగంగా కుళ్ళకూడదు. రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నారని అడిగాను. "రెండుసార్లే, మీరు చెప్పినట్టే" అంది కోడలు. "రెండుసార్లే" అన్నారు పెద్దాయన. పాపని పిలిచి ఒక చాక్‌పీస్ ఇచ్చాను. ఎవరు నీళ్ళు పోసినా ట్యాంకు గోడ మీద ఒక గీత గియ్యాలి, వాళ్ళు గియ్యకపోతే నువ్వు గియ్యాలి, వారం పాటు. కోడలికి కూడా ఒక పని చెప్పాను. చీపురుపుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తియ్యి, మట్టంటుకుని తడిగా వస్తే నీళ్ళు పొయ్యకు. మార్కెట్లో తేమ మీటర్లు దొరుకుతాయి. చీపురుపుల్ల వాటికంటే నమ్మకం.

వారం తర్వాత పాప వాట్సాప్‌లో ఫొటో పంపింది. ఇరవై గీతలు. తాతయ్య ఏడు, తెల్లవారుజామున ఐదింటికి. అమ్మ ఏడు, బట్టలు ఆరేయడానికి ఎక్కినప్పుడు. పాప ఐదు, బడి నుంచి వచ్చాక. ఇరవయ్యోది పెద్దది, చుట్టూ గుండ్రం చుట్టి ఉంది: నాన్న, ఆదివారం, పైపుతో. ఆదివారం తనకి కాసేపు డాబా మీద నిలబడి పైపు పట్టుకోవడం ఇష్టమట. నలుగురికీ మిగతా ముగ్గురు పోస్తున్నారని తెలుసు. ఎవరికి వాళ్ళు, వాళ్ళు కొంచెమే పోస్తారులే అనుకున్నారు.

టైమర్ ఎందుకు వద్దన్నాను

కొడుకు చెప్పిన మందు సులువైనది: డ్రిప్ పైపులు, టైమరు. రోజుకి ఒకసారి, లెక్కగా. నేను అమర్చితే నాకు డబ్బులు కూడా వస్తాయి. మొక్కల వరకే చూస్తే అదే సరైనది. ఉద్యోగాలకి పోయి రాత్రికి వచ్చే ఇళ్ళలో నేనే పెట్టిస్తాను.

ఇక్కడ వద్దన్నాను. ఐదింటికి లేచి, మెట్లెక్కి, చెంబుతో ఒక్కో మొక్కకీ పోసి, ఆరున్నరకి కాఫీకి దిగే మనిషి నుంచి ఆ గంటన్నర తీసేస్తే టైమరు ఆయనకి తిరిగి ఏమిస్తుంది? ముప్ఫై ఏళ్ళు చేనుకి నీళ్ళు కట్టిన చేతులు. పొయ్యొద్దని చెప్పి చూశాం కూడా, నాలుగు రోజులు. ఐదో రోజు కోడలు ఫోన్ చేసింది: "మామయ్యగారు పుల్ల గుచ్చి చూస్తున్నారండీ, చూసి ఆ తర్వాత పోస్తున్నారు."

ఈ ఇంట్లో నీళ్ళు పోయడం ఆగదని ఒప్పుకుని అక్కణ్ణించి లెక్క మొదలుపెట్టాం. ఎన్ని నీళ్ళు పోసినా నిలవని మట్టి కావాలి. నిలిచినా బాధపడని మొక్కలు కొన్ని కావాలి.

మట్టి: గరప కలిసిన ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, కడిగిన కొబ్బరిపొట్టు మూడు, బాగా మాగిన పశువుల ఎరువు రెండు, పెద్దాయన నల్లరేగడి ఒకటి. ఆ చివరిది ఆయన కోసమని మీరనుకోవచ్చు. సగం నిజమే. మిగతా సగం, రేగడి పోషకాల్ని పట్టి ఉంచుతుంది, పదో వంతు ఉంటే మేలే గానీ కీడు లేదు. బకెట్‌కి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకల్ని నానబెట్టి రెండుమూడుసార్లు నీళ్ళు మార్చి పిండాలి. ఉప్పు ఉంటుంది వాటిలో, ఈ పని బద్ధకిస్తే లేత మొక్కల ఆకు అంచులు మాడతాయి. బకెట్ అడుగు చిల్లులు చాలక పక్కల కూడా, అడుగు నుంచి అంగుళం ఎత్తులో, నాలుగేసి వేశాం. కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టి గచ్చు నుంచి పైకెత్తాం.

డ్రమ్ములు శ్లాబు మధ్యలో గుంపుగా ఉండేవి. తడి రేగడితో సగం డ్రమ్ము ఒక్కోటి 170 కిలోల దాకా తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా లెక్క కట్టే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. గోడల మీదుగా, కింద దూలం ఉన్న వరసలోకి జరిపించాం. కొత్త మట్టితో బరువూ తగ్గింది. దీని గురించి ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ అడగరు కూడా. పెచ్చులు ఊడాక అడుగుతారు.

ఇక నీళ్ళు తాగే మొక్కలు. రెండు డ్రమ్ములకి చిల్లులు పైకి వేసి, అడుగు తడిగా ఉండేట్టు వదిలి, చామదుంపలు పెట్టాం. ట్యాంకు నీడలో పుదీనా. ఒక తొట్టిలో కలువ. తెల్లవారుజాము చెంబు ముందు ఇటు వెళ్ళాలని ఒప్పందం. వీటికి ఎంత పోసినా పేచీ లేదు. పెద్దాయనకి తృప్తిగా ఇరవై చెంబులు ఇక్కడే అయిపోతాయి. మిగతావి కోడలు పుల్ల గుచ్చి చూసి పోస్తుంది. పాపకి నారు బకెట్లు. కొడుక్కి ఆదివారం పైపు అలాగే ఉంచాం, ఆకుల మీద దుమ్ము కడగడానికి. సన్నని జల్లుతో ఆకు అడుగున కొడితే పేనుబంక కూడా కొంత పోతుంది.

టమాటా గురించి చేదు మాట

కోడలికి టమాటా కావాలి. మిగిలిన మొక్కలకి పూత విపరీతంగా వస్తోంది, రాలిపోతోంది. క్యాల్షియం వెయ్యాలా, బోరాన్ కొట్టాలా అని అడిగింది. ఏదీ వద్దన్నాను. టమాటాకి రాత్రి చల్లదనం కావాలి. రాత్రి వేడి ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీలు దాటి, పగలు ముప్ఫై రెండు దాటుతుంటే పుప్పొడి సరిగా పని చెయ్యదు, పువ్వు పిందె కట్టదు. గుంటూరులో మార్చి అంటే అదే. ఇక్కడ టమాటా సెప్టెంబరు, అక్టోబరులో నారు పోసుకుని సంక్రాంతికి కోసుకునే పంట. వసంతంలో టమాటా నాటమని చెప్పే వీడియోలు చలిదేశాల వాళ్ళవి. వాళ్ళకి వసంతమంటే మంచు కరగడం, మనకి ఎండ మొదలవడం.

ఆ బకెట్లలో బెండ పెట్టాం. గింజలు రాత్రంతా నానబెట్టి ఫిబ్రవరి 17న. గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర. తోటకూర విత్తనం ఆవాల కంటే సన్నం. ఇసుకలో కలిపి చల్లకపోతే అంతా ఒకచోట పడుతుంది. డ్రమ్ముల్లో బీర, దోస, పైన తాళ్ళతో పందిరి. ఎండ భయపెట్టేది మనల్నే, ఈ మొక్కల్ని కాదు.

మిరపలు పదకొండు మిగిలాయి. నాలుగింటికి ఆకు ముడత. పెద్దాయన దూరం నుంచే చెప్పారు: "పై ముడత. తామర పురుగే." నిజం. అంచులు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు, కిందికి తిరగేసిన దోనెలా ముడిస్తే నల్లి. రెండింటికీ మందులు వేరు. ఒక పువ్వు తెల్లకాగితం మీద దులిపితే నల్లటి సన్నవి కదిలాయి. ఆయన ఏమీ అనలేదు. కిందికి దిగి, పాత అలవాటున దుకాణం నుంచి తెచ్చిపెట్టుకున్న చేను మందు సీసా తెచ్చారు.

ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. ఎకరాల మీద కొట్టే మందు, కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని లేబుల్ మీద రాసి ఉంటుంది. డాబా మీద పాప వచ్చీపోతూ పచ్చిమిర్చి తుంచుతుంది, గోంగూర ఆకు నములుతుంది. "బాబాయిగారూ, చేనుకి కాపలా ఉంటుంది, దీనికుండదు" అన్నాను. సీసా మళ్ళీ మెట్లు దిగింది. బాగా ముడుచుకున్న మూడింటిని పీకి సంచిలో కట్టి పారేశాం. మిగతావాటికి నీలం జిగురు అట్టలు, వారానికోసారి సాయంత్రం పూట లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్ళు. పురుగు పూర్తిగా పోలేదు. వేపనూనెతో పోతుందని నేను చెప్పనూ చెప్పను. ఎనిమిది మొక్కలకి ఆ ఇంటికి సరిపడా కాయ ఇవ్వగలిగేంత తగ్గింది.

పెద్దావిడ మల్లె

ఫోన్ చేసిన సమస్యల్లో ఇది లేదు. మెట్ల కింద కుర్చీలోంచి పెద్దావిడ అడిగారు: "నా మల్లెకేమైందో చూశావా? రెండేళ్ళుగా ఆకే గానీ మొగ్గ లేదు." చూశాను. పచ్చగా, గుబురుగా, నీళ్ళు తాగి ఒళ్ళు చేసింది. మల్లె మొగ్గ కొత్త కొమ్మకే వస్తుంది. చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తే ఎండ ముదిరే వేళకి కొత్త చిగురుతో పాటు మొగ్గ వేస్తుంది. జనవరిలో చెయ్యాల్సిన పని ఫిబ్రవరి మూడో వారంలో చేశాం. కత్తెర పట్టిన కోడలు సగంలో ఆగి, "అత్తయ్య చూస్తే ఏడుస్తారు" అంది. మోకాలెత్తు మోడు మిగిలింది. వారం పాటు చుక్క నీళ్ళు లేవు. ఆ వారం పెద్దాయన ఆ కుండీ వైపు చూడకుండా నడిచారట.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పాప మధ్యాహ్నం ఇంట్లోనే. ఒక ఎర్రటి ఎండలో పైపు తిప్పి తోటకూర నారు మీద పట్టింది. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. ఒక బకెట్ నారు మొత్తం పోయింది. పాప రెండు రోజులు పైకి రాలేదట. ఇది ముందే చెప్పాల్సింది నేను. మళ్ళీ చల్లించాను. నెల తిరక్కుండా కోతకొచ్చే ఆకుకూర కాబట్టి పెద్ద నష్టం లేదు. అదే వారం పడమర వైపు సగం ఎండ ఆపే పచ్చ వల కట్టించాం.

మార్చి 30, ఉగాది

పనిమీద కాదు, పిలిస్తే వెళ్ళాను. వేపపువ్వు వీధి చివర చెట్టుది, మామిడికాయ బజారుది. పచ్చట్లోకి పచ్చిమిర్చి మాత్రం డాబాది. బెండ మొదటి కోత ఆ రోజే పడింది, తొమ్మిది కాయలు. ఐదుగురికి తొమ్మిది బెండకాయలతో ఏం కూరవుతుంది? పులుసులో వేశారు. ఎవరి గిన్నెలో ఎన్ని ముక్కలు పడ్డాయో పాప లెక్కపెట్టింది. పెద్దాయన గోంగూర రెండు కట్టలు కోసి, అరటినారతో కట్టి నా చేతిలో పెట్టారు. పొలం నుంచి వచ్చినవాళ్ళు వట్టి చేతుల్తో పంపరు.

మల్లె మోడుకి చిగురు నిండా వచ్చింది. చిగురు చివర ఆవగింజంత పచ్చ మొగ్గలు. కోడలు ఫొటో తీసి కిందికి తీసుకెళ్ళి చూపించింది. పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోన్‌ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "మొగ్గేనా, పురుగు గుడ్లా?" అన్నారు.

ఏప్రిల్ 13, చివరి విజిట్

38 కుండీల్లో 31 బాగున్నాయి. నిమ్మ చచ్చింది. వేరు కుళ్ళు దానికి ముందే మొదలు దాకా పాకింది, మట్టి మార్చినా ఆలస్యమైంది. కరివేపాకు ఇంకా తేల్చుకోలేదు. దోస రెండు తీగలకి పండు ఈగ పట్టింది, పిందెలు వంకర తిరిగి కుళ్ళాయి. ఎర బుట్ట కట్టించాను గానీ ముందే కట్టించాల్సింది. చామ ఆకులు గొడుగుల్లా ఉన్నాయి. మట్టి, కొబ్బరిపొట్టు, ఎరువు, వల, కూలీ అన్నీ కలిపి ఏడు వేల లోపు అయింది. అంత డబ్బుతో ఏడాది కూరలు కొనుక్కోవచ్చుగా అని కొడుకు నవ్వుతూ అన్నాడు. ఏడాదికి రావు గానీ, మాటలో న్యాయం ఉంది. లాభం కోసం మిద్దెతోట పెట్టమని నేనెవరికీ చెప్పను.

బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకి పట్నం డాబాల మీద తేనెటీగలు ఉండవు. అందుకని ఐదున్నరకి పాపకి నేర్పించాను: వట్టి కాడతో ఉన్నది మగపువ్వు, కింద వేలెడు పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు రేకులు తీసేసి, పుప్పొడి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. మూడు పువ్వులకి చేసింది. నాలుగోది తాతయ్యకి ఇచ్చింది. ఆయన చేతులు పెద్దవి, పువ్వు చిన్నది. ఊపిరి బిగబట్టి అద్దారు. "చేలో ఇదంతా ఎవరు చేశారే" అన్నారు. ఆ మాటకి ఆయనే కాసేపు ఆలోచించారు.

దిగేటప్పుడు ట్యాంకు గోడ చూశాను. ఇరవై గీతల పక్కన కొత్త వరస మొదలైంది. ఈసారి గీతలు కాదు, సున్నాలు. ఏమిటని అడిగితే పాప చెప్పింది: నానమ్మ మల్లెపూలు. నిన్న పదకొండు, ఇవాళ పద్నాలుగు. మాల కట్టడానికి చాలవు, అందుకని తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో దాస్తున్నారు, రేపటివి కూడా వచ్చేదాకా.